పెన్నేటి వెంట ఒంటరిగా: కడప చుట్టూ మూడు రోజులు

గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది శనివారం రాత్రి కారులో బయల్దేరతారు. ఆదివారం తెల్లారేసరికి గండి అంచున నిలబడి ఫోటోలు తీసుకుని, టిఫిను వేళకు తిరుగుదారి పడతారు. కోట లోపలి గుడిని దూరం నుంచే చూసి వదిలేస్తారు, కడప ఊళ్లోకి అడుగే పెట్టరు. ఒక్కరే వచ్చేవాళ్లకు దీనికంటే మంచి దారి ఒకటుంది. కడపలో మకాం పెట్టుకుని, ఆర్టీసీ బస్సుల్లో, మూడు రోజులు పెన్న వెంట తిరగడం.

పెన్న కర్ణాటకలో నంది కొండల్లో పుడుతుంది. మొదట ఉత్తరానికి పారి, అనంతపురం జిల్లాలో తూర్పుకు మళ్లుతుంది. అక్కణ్ణుంచి తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి పక్కగా వచ్చి, గండికోట దగ్గర ఎర్రమల కొండను చీల్చుకుని, పుష్పగిరి కిందా, సిద్ధవటం కోట గోడ పక్కనా పారి నెల్లూరు మీదుగా సముద్రం చేరుతుంది. మొత్తం 597 కిలోమీటర్లు. కోటలూ గుళ్లూ ఈ ఏటి ఒడ్డునే ఎందుకు వెలిశాయో వరసగా చూస్తూ పోతే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. విడివిడిగా చూస్తే మాత్రం ఒక కోట, ఒక గుడి, ఒక ఫోటో, అంతే మిగిలేది.

ముందు కాలం సంగతి. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా రావాలి. మార్చి సగం దాటితే పగలు పదకొండుకే బండలు కాగిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండను టోపీతో, నీళ్లతో ఎలాగో తట్టుకోవచ్చు. అసలు బాధ కాళ్లది. గుళ్లలో చెప్పులు విడిచి తిరగాలి, ప్రాకారమంతా రాతి బండలే. మధ్యాహ్నం రెండింటికి ఆ బండ మీద నాలుగు అడుగులు వేసేసరికి అరికాళ్లు చుర్రుమంటాయి, శిల్పం చూసే ఓపిక పోతుంది. మందపాటి నూలు సాక్సులు ఒక జత సంచిలో పడేసుకోండి. అంతకంటే మేలు, గుళ్లను పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. చాలా గుళ్లు మధ్యాహ్నం తలుపులు వేస్తారు కూడా, కాబట్టి ఆ వేళ పోయినా దర్శనం దొరకదు.

మరీ నీళ్లు చూడాలనుంటే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఏరు బాగుంటుంది. కానీ నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే కడప జిల్లాలో వంకలూ వాగులూ ఒక్కరోజులో పొంగుతాయి, పల్లె రోడ్లు తెగుతాయి. వాతావరణ హెచ్చరిక ఉన్న వారం ఈ ప్రయాణం వాయిదా వేసుకోవాలి. ఒక్కరే ఉన్నప్పుడు వంక అవతల చిక్కుకుంటే బయటపడటం చాలా కష్టం.

ఇక బస్సులు. ఒంటరిగా తిరిగేవాళ్లకు ఆటో, కారు ఖర్చు పంచుకునే తోడు ఉండదు, అందుకే బస్సే దిక్కు. ఎక్స్‌ప్రెస్‌లు పెద్ద ఊళ్ల మధ్య తిరుగుతాయి. చూడాల్సిన చోట్లకు చివరి పది పదిహేను కిలోమీటర్లు పల్లెవెలుగో షేర్ ఆటోనో తీసుకుపోతుంది. దెబ్బతినేది ఆ చివరి ముక్కలోనే. పోయేటప్పుడు బస్సు దొరుకుతుంది, వచ్చేటప్పుడు దొరకదు. ఎందుకంటే పల్లెవెలుగు సర్వీసులు పొద్దున్నే పల్లె నుంచి టౌనుకు వచ్చే జనం కోసం, సాయంత్రం టౌను నుంచి పల్లెకు పోయే జనం కోసం నడుస్తాయి. మీ ప్రయాణం సరిగ్గా దానికి ఎదురు. అందుకని బస్సు దిగే ముందే కండక్టరును అడగండి: "అన్నా, ఈడ నుంచి వెనక్కి ఆఖరి బస్సు ఎన్ని గంటలకు?" ఆయన చెప్పిన బస్సును నమ్ముకోకుండా దాని ముందు బస్సుకే తయారుగా ఉండండి. ఆఖరి బస్సు ఒక్కోరోజు రాదు. అప్పుడు ఆటో వాళ్లు అడిగిందే రేటు.

ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ లాంటి అసలు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకుని కండక్టరుకు చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. దీనివల్ల బస్సులు ముందుకంటే కిక్కిరిసి ఉంటున్నాయి. సీటు కావాలంటే బస్సు బయల్దేరే స్టాండులోనే ఎక్కాలి, దారిలో ఎక్కితే నిలబడాల్సిందే.

సంచి ఒక్కటే ఉండాలి, భుజాన వేసుకునేది. రెండు లీటర్ల నీళ్లు, తలపాగాకూ తుడుచుకోవడానికీ పనికొచ్చే తువ్వాలు, టార్చి, పవర్ బ్యాంకు, కొన్ని పది, ఇరవై, యాభై రూపాయల నోట్లు. కొండ మీద సిగ్నలు లేకపోతే ఫోన్‌పే పనిచేయదు. టీ అంగడి ఆయన దగ్గర ఐదొందలకు చిల్లర ఉండదు.

మొదటి రోజు గండికోట. కడప బస్టాండు నుంచి జమ్మలమడుగుకు నేరు బస్సులున్నాయి, కాకపోతే ప్రొద్దుటూరులో మారొచ్చు. రెండు, రెండున్నర గంటలు పడుతుంది. జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. ఈ ముక్కకు రోజుకు కొన్ని బస్సులే ఉంటాయి. ఆటో మాట్లాడుకునేటట్లయితే ఎక్కకముందే మూడు సంగతులు తేల్చుకోండి: పోవడానికి మాత్రమేనా, రానూపోనూనా, అక్కడ ఎంతసేపు ఆగుతాడు. రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగి జమ్మలమడుగుకు బస్సు పట్టుకోవచ్చు. తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప అన్నీ గుంతకల్లు నుంచి రేణిగుంట పోయే ఒకే లైనులో ఉన్నాయి.

గండికోటలో ఒక రాత్రి ఉండి తీరాలి. టూరిజం వాళ్ల హరిత హోటలు ఉంది, గుడారాలు వేసి అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. శని, ఆదివారాల్లో రెండూ నిండిపోతాయి. ఆదివారం సాయంత్రం చేరి సోమవారం ఉండేటట్టు చూసుకుంటే గది దొరుకుతుంది, గండి అంచు ఖాళీగా ఉంటుంది. గుడారం తీసుకునే పనైతే ఒక్కరే ఉన్న సంగతి చెప్పి, పక్క గుడారాల్లో ఎవరున్నారో కనుక్కుని తీసుకోండి. తాగి పాటలు పెట్టుకునే గుంపు పక్కన పడితే నిద్రుండదు. తిండి మీద ఆశ పెట్టుకోవద్దు. జమ్మలమడుగులోనే అరటిపళ్లు, చెనిక్కాయలు, బ్రెడ్డు కొనుక్కుని ఎక్కండి.

కోటను సాయంత్రం, గండిని పొద్దున చూడటం మంచిది. మేకులు దిగేసిన పెద్ద తలుపులున్న వాకిలి దాటగానే దారి మెలికలు తిరుగుతుంది. ఏనుగులు గానీ గుర్రాలు గానీ ఒక్క ఊపున దూసుకురాకుండా అలా కట్టారు. లోపల ఇప్పటికీ ఊరుంది, మనుషులు కాపురాలుంటున్నారు. వాళ్ల వాకిళ్ల ముందు నుంచే నడుస్తాం కాబట్టి అడగకుండా ఫోటోలు తీయొద్దు. ఊళ్లోకి రాగానే నాలుగు వైపులా తోరణాలున్న చిన్న బురుజు కనబడుతుంది, దాన్ని ఇక్కడ చార్మినార్ అంటారు. ఆ పక్కనే జైలు. అక్కణ్ణుంచి ఒక దారి మాధవరాయ స్వామి గుడికి, ఇంకోటి జామా మసీదుకు పోతుంది. అన్నీ కలిపి రెండు కిలోమీటర్ల లోపు నడకే, కానీ రెండు గంటలు పెట్టుకోండి.

మాధవరాయ గుడిలో నిత్యపూజలు లేవు. గోపురం ఎత్తుగా, ఎర్రగా, సాయంత్రపు ఎండలో నిప్పు కణికలా ఉంటుంది. లోపలి మండపంలో స్తంభాలను ఒక్కొక్కటే చుట్టూ తిరిగి చూడాలి. ఎందుకంటే ఒక స్తంభానికి నాలుగు ముఖాలూ ఒకలా ఉండవు. విజయనగర కాలంలో ఈ కోట పెమ్మసాని నాయకుల చేతిలో ఉండేది. ఆ తర్వాత 17వ శతాబ్దం నడుమ గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. మసీదు పక్కన పొడవాటి ధాన్యాగారం ఉంది, వంపు కప్పు ఉన్నది. కోటకు ముట్టడి పడితే లోపలి జనం నెలల తరబడి బతకాలి, దానికే అంత గిడ్డంగి. మసీదు మినార్లు, వెనకాల గుడి గోపురం రెండూ ఒక్క చూపులో కనబడే చోటు ఒకటుంది. ధాన్యాగారం ముందు నిలబడి మెల్లగా పక్కకు జరుగుతూ పోతే దొరుకుతుంది.

ఇక గండి. తెల్లారడానికి అరగంట ముందే టార్చి పట్టుకుని అంచు దగ్గరికి చేరాలి, చీకట్లో అంచు దాకా మాత్రం పోకూడదు. ఇక్కడ కంచె లేదు. బండలు పెద్ద పెద్ద దిమ్మెలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, కొన్ని కదులుతాయి. నునుపు బండ మీద పల్చగా ఇసుక లాంటి రాతిపొడి పరుచుకుని ఉంటుంది. చెప్పుల అడుగు అరిగి ఉంటే దాని మీద జర్రున జారుతుంది. పొద్దునపూట మంచు పడి తడిగా ఉంటే ఇంకా జారుడు. పట్టున్న బూట్లు వేసుకోండి, అంచుకు రెండు బారల ఇవతల కూర్చోండి. ఫోటో కోసం వెనక్కి వెనక్కి జరగొద్దు. ఒంటరిగా గండిలోకి దిగొద్దు. దిగేటప్పుడు తోవ ఉన్నట్టే ఉంటుంది, ఎక్కేటప్పుడు ఏ బండ మీదుగా దిగామో గుర్తుపట్టలేం. కాలు మడతపడితే పైకి వినబడేలా అరిచినా గాలికి కొట్టుకుపోతుంది.

ఏరు ఇక్కడ సుమారు 300 అడుగుల వెడల్పున ఇరుక్కుని పోతుంది. పైన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉండటంతో నీటి మట్టం వాటిని బట్టి మారుతుంది. ఒక నెల నిండుగా, ఒక నెల అడుగు బండలు తేలి ఉంటుంది. దీన్ని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చడం అలవాటైపోయింది. ఆ పోలిక ఊహలో పెట్టుకుని వస్తే ఇది చిన్నదిగా కనబడుతుంది. గండికోట గొప్ప అంతా దాని నిలువు గోడల్లో ఉంది. ఈ రాయిని చాలామంది గ్రానైటు అని రాస్తారు. ఇది గ్రానైటు కాదు. కోట్ల ఏళ్ల కిందటి ఇసుక, పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన క్వార్ట్‌జైటు. భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి గండికోట క్వార్ట్‌జైటు అనే పేరే పెట్టారు. ఇది నీళ్లకు కరగదు, అరగదీస్తే త్వరగా అరగదు. పగుళ్ల వెంట దిమ్మెలుగా విరిగిపడుతుంది. అందుకే గోడలు ఏటవాలుగా కాకుండా కత్తితో కోసినట్టు నిలువుగా ఉన్నాయి.

పొద్దు కాస్త పైకొచ్చాక, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే, కాళ్ల కింది బండలను చూడండి. కొన్ని పలకల మీద సన్నటి వరసలు ఒకదాని పక్కన ఒకటి తీరిగ్గా దువ్వినట్టు కనబడతాయి. లోతు లేని నీళ్ల కింద ఇసుక మీద అలలు గీసిన గీతలు అవి. ఇప్పుడు పెన్న ఇసుకలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు చూసే గీతలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. వేలు పెట్టి తడిమితే ఒక్కో మిట్ట వేలు వెడల్పో బొటనవేలు వెడల్పో ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది. పన్నెండు గంటల ఎండలో ఇవి కనబడవు, నీడ లేక చదునుగా అయిపోతాయి. కోటకు వచ్చినవాళ్లు ఇది చూడకుండా పోతుంటే నిజంగా బాధేస్తుంది.

రెండో రోజు తొమ్మిదింటికల్లా గండికోట దిగి జమ్మలమడుగు చేరితే, అక్కణ్ణుంచి కొలిమిగుండ్ల వైపు పోయి బెలుం గుహలు చూసి రావొచ్చు. గండికోట నుంచి సుమారు 60 కిలోమీటర్లు, నంద్యాల జిల్లా. దారి పొడుగునా నాపరాళ్ల గుట్టలు, పొలాల చుట్టూ కంచెగా నిలబెట్టిన నాపబండలు. ఆ నాపరాయి జాతి సున్నపురాయిలోనే బెలుం గుహలున్నాయి, నార్జి సున్నపురాయి అంటారు. ఇక్కడ రాయి గుణం గండికోటకు పూర్తిగా ఎదురు. నీళ్లు సున్నపురాయిని కరిగిస్తాయి. అందుకే అక్కడ గండి తెగింది, ఇక్కడ భూమి కింద దారులు పడ్డాయి. ఈ రెండూ ఒకరోజు తేడాతో చూస్తే ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా అర్థమవుతుంది.

బెలుం పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. 1982 తర్వాత డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్లు కొలతలు తీశారు. 2002 ఫిబ్రవరి నుంచి జనాన్ని లోపలికి వదులుతున్నారు. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్ల కింద. లోపల వేడి కంటే ఉక్కపోత ఎక్కువ. పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది, కళ్లద్దాలు మసకబారతాయి. గాలి గొట్టాలతో లోపలికి పంపే ఏర్పాటుంది, ఆ గొట్టాల దగ్గర కాసేపు నిలబడి ముందుకు పోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు, ఇరుకు చోట ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు పాతాళగంగ దాకా ఒక్కరే పోవద్దు, ఏదో ఒక కుటుంబం వెనకాలే నడవండి. కొన్నిచోట్ల బాగా వంగాలి. తలకు తగిలేది సున్నపురాయి అంచే, గట్టి దెబ్బ. కరెంటు పోతే కన్ను పొడుచుకున్నా కనబడదు కాబట్టి టార్చి చేతిలోనే ఉండాలి. సప్తస్వరాల గుహలో తడితే మోగే రాతి కమ్మీలున్నాయి. మనం మాత్రం తట్టొద్దు, లక్షల ఏళ్లకు తయారైనది ఒక్క దెబ్బకు విరుగుతుంది.

ఒక హెచ్చరిక. గండికోట, బెలుం, తాడిపత్రి మూడూ ఒకే రోజు బస్సుల్లో పెట్టుకోవద్దు, ఎక్కడో ఒకచోట దారిలో చీకటిపడుతుంది. తాడిపత్రి బెలుంకు 30 కిలోమీటర్లే కాబట్టి నాలుగో రోజు ఉన్నవాళ్లు రెండో రాత్రి అక్కడ ఉండొచ్చు. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి పెన్న ఒడ్డునే ఉంది. పై అంతస్తులు లేని దాని గోపురాల మీద నల్లరాతి పని, చింతల వెంకటరమణుడి గుడిలో రాతిరథం లాంటి మండపం చూడాల్సినవి. రెండూ పెమ్మసాని వాళ్లు కట్టించినవే. గండికోటను ఏలినవాళ్ల చేతిపని వేరే రాయిలో ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. మూడు రోజులే ఉంటే తాడిపత్రి వదిలేసి రెండో రాత్రికి కడప చేరండి.

కడపలో బస్టాండుకు దగ్గర్లో గది తీసుకోవడమే మంచిది, పొద్దున ఆరు గంటల బస్సుకు ఆటో వెతుక్కునే పని ఉండదు. రాత్రి రాగి సంగటి, నాటుకోడి పులుసు. సంగటిని నమలకుండా చిన్న ముద్ద చేసి, పులుసులో ముంచి మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుని రుచి తెలియదు. పొద్దున కారం దోసె. పెనం మీద దోసె పోసి, పైతడి ఆరకముందే ఎర్రకారం పూస్తారు. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు కలిపి నూరిన ముద్ద అది. దాని మీద పప్పుల పొడి చల్లి, నూనె చుట్టూ వేసి ఎర్రగా కాలనిస్తారు. అలవాటు లేనివాళ్లు "అన్నా, కారం తక్కువెయ్యి, పప్పుల పొడి ఎక్కువెయ్యి" అని ముందే చెప్పాలి. దోసె మీద పూశాక తీయడానికి కుదరదు. ఉగ్గాని బజ్జీ దొరికితే అది కూడా తినండి. నానబెట్టి పిండిన బొరుగులకు తాలింపు వేసి, పప్పుల పొడి కలిపిన ఉగ్గాని పొద్దున ఎనిమిదింటికి ఉన్నంత మెత్తగా పదింటికి ఉండదు.

మూడో రోజు పొద్దున పుష్పగిరి. కడపకు 16 కిలోమీటర్లు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఊరు, వైద్యనాథేశ్వరుడి గుడి పెన్నకు ఒక ఒడ్డున ఉన్నాయి, కొండ మీద చెన్నకేశవ స్వామి గుడి అవతలి ఒడ్డున ఉంది. ఫోన్లో మ్యాపు చూస్తే రెండూ పక్కపక్కనే కనబడతాయి, నడుమ ఏరుంది. ఎండాకాలంలో ఇసుకలో నడిచి దాటేస్తారు. నీళ్లున్నప్పుడు చుట్టు తిరిగి రోడ్డు మీద రావాలి. కాబట్టి బస్సో ఆటోనో ఎక్కేముందు "పుష్పగిరి" అని ఊరుకోవద్దు. "చెన్నకేశవుల కొండకా, ఊళ్లోకా?" అని వాళ్లు అడిగేలోపే ఎక్కడికో చెప్పండి. ఏటిలో నీళ్లు మోకాళ్ల లోతే కనబడినా ఒంటరిగా దిగొద్దు. ఇసుక తవ్విన గుంతలు నీళ్ల కింద కనబడవు, ఒక్క అడుగులో నడుము లోతు వస్తుంది. ఊరివాళ్లు ఎవరైనా దాటుతుంటే వాళ్ల వెనకే, వాళ్లు అడుగు పెట్టిన చోటే అడుగు పెట్టి పోవాలి.

కొండ మీద ఒకే ప్రాకారంలో చెన్నకేశవుడు, సంతాన మల్లేశ్వరుడు ఉన్నారు. హరిహరులిద్దరూ ఒకేచోట. ఆది శంకరుల పరంపరకు చెందిన పుష్పగిరి పీఠం పేరు ఈ ఊరిదే. గరుత్మంతుడు తెచ్చే అమృతంలో ఒక చుక్క ఇక్కడి చెరువులో పడిందనీ, చెరువును పూడ్చడానికి వేసిన కొండ పువ్వులా తేలిందనీ స్థలపురాణం. గుడి బయటి గోడను ప్రదక్షిణగా చూడండి, లోపలికి పోయే తొందర వద్దు. గోడ కింది వరసల్లో ఏనుగులు, గుర్రాలు, పైన ఆటకత్తెలు, పురాణ కథలు వరసలు వరసలుగా చెక్కి ఉన్నాయి. పొద్దున ఎనిమిది గంటల ఎండ పక్క నుంచి పడినప్పుడు ఒక్కో బొమ్మ చీర కుచ్చెళ్లు, చేతి గాజులు కూడా లెక్కపెట్టొచ్చు. గోడకు ఒక మూర దూరంలో నిలబడి మొదట కింది వరస పూర్తిగా, తర్వాత పైవరస పూర్తిగా చూడటం మేలు. కిందికీ పైకీ కళ్లు తిప్పుతూ నడిస్తే ఏ కథా అర్థం కాదు, అన్నీ కలగాపులగం అవుతాయి. ప్రాకారం అంచున నిలబడితే కింద పెన్న, అవతల వైద్యనాథుడి గోపురం. ఈ జిల్లాలో ఒక్క చోటే చూడగలిగే టైముంటే నేను గండికోట కంటే ముందు పుష్పగిరి పేరే చెబుతాను.

పదకొండుకు కడప వచ్చేస్తే ఎండ వేళ నీడలో గడపడానికి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, ఎర్రముక్కపల్లెలో. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తర్వాత ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడీ గ్రంథాలయం. తెలుగు చదివేవాళ్లు ఎవరైనా ఒక గంట ఇక్కడ కూర్చోకుండా కడప దాటిపోకూడదని నా గట్టి అభిప్రాయం. ఆదివారాలు, పండగల్లో తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి.

మూడింటికి సిద్ధవటం బస్సు ఎక్కాలి, బద్వేలు దారి. 20 కిలోమీటర్ల పైచిలుకు. మట్లి రాజులు కట్టించిన రాతి కోట పెన్న ఒడ్డునే ఉంది, విస్తీర్ణం సుమారు 36 ఎకరాలు. 19వ శతాబ్దం మొదట్లో కొన్నేళ్లు జిల్లా కచ్చేరీ ఇక్కడే నడిచింది. గంట చాలు. లోపల ముళ్లపొదలు, పాములు ఉంటాయి. నడిచిన దారి వదలొద్దు, పడిపోయిన రాళ్లు ఎత్తి చూడొద్దు, వాటి కింద తేళ్లుంటాయి. ఏటి వైపు గోడ మీద నిలబడితే వెడల్పాటి పెన్న, ఇసుక. గండికోటలో 300 అడుగుల్లో ఇరుక్కున్న ఏరు ఇదే. ఈ నడుమ దానిలో కుందేరు, పాపాఘ్ని కలిశాయి.

సిద్ధవటం నుంచి ఒంటిమిట్టకు ఆటోలో పోవచ్చు, పది పన్నెండు కిలోమీటర్లు. ఐదింటికల్లా చేరాలి. కోదండరాముడి గుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉన్నారు, గర్భగుడిలో హనుమంతుడు లేడు. 32 స్తంభాల మండపం మధ్యలో కూర్చుని చుట్టూ చూడాలి. టావెర్నియే 1652లో ఈ గుడినీ చూశాడు. ఈ గుడికి పాత వైభవం తేవడానికి కవి వావిలకొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. 2015 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం చూసుకుంటోంది. శ్రీరామనవమి ఉత్సవాల్లో స్వామి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో చేస్తారు. ఆ రోజుల్లో ఒంటరిగా ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్లు రావొద్దు, కాలు పెట్టే చోటుండదు.

దేవుని కడప వెంకటేశ్వరుడి గుడి, అమీన్ పీర్ దర్గా రెండూ కడప ఊళ్లోనే ఉన్నాయి, ఏదో ఒక పొద్దున, ఒక సాయంత్రం పెట్టుకోండి. దేవుని కడప తిరుమలకు తొలి గడప. ఉగాది రోజు ఇక్కడ ముస్లింలు కూడా వచ్చి దర్శనం చేసుకుంటారు, స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ అని. దర్గాకు పోయేటప్పుడు తలకు గుడ్డ ఉండాలి, మొదట్లో చెప్పిన తువ్వాలు సరిపోతుంది. గురువారం సాయంత్రం రద్దీ ఎక్కువ.

తిరుపతి వైపు పోవాల్సినవాళ్లు ఒంటిమిట్ట నుంచి కడపకు వెనక్కి రావాల్సిన పనిలేదు. గుడి కడప, తిరుపతి రోడ్డు పక్కనే ఉంది. పొద్దున్నే గది ఖాళీ చేసి సంచి వెంట తెచ్చుకుంటే, దర్శనం అయ్యాక రోడ్డు మీదికి వచ్చి రాజంపేట బస్సు ఎక్కేయొచ్చు. దారిలో నందలూరు వస్తుంది. అక్కడ పారేది చెయ్యేరు. అది కూడా పోయి పెన్నలోనే కలుస్తుంది.